కట్ట మీద చెట్టు ఉండకూడదు

తెల్లవారి ఆరు గంటలకు లస్కరు కట్ట పాదం దగ్గర గొంతుక్కూర్చుని ఊట నీళ్ళ కింద డబ్బా పెట్టాడు. చెరువుకు గేటు తిప్పడం, కట్ట కాయడం అతని ఉద్యోగం. రోజు మాత్రం ఈ డబ్బాతోనే మొదలవుతుంది. మట్టికట్టలోంచి ఊరే నీళ్ళన్నీ సన్నటి కాలువగా చేరి, మధ్యలో గంటు కోసిన ఇనుప రేకు మీంచి కిందికి దూకుతాయి. డబ్బా నిండేలోగా అతను పెదవి కదపకుండా అంకెలు లెక్కపెడతాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ లెక్క నలభైకి అటూ ఇటూ తప్ప ఎటూ పోలేదు.

ఆ రోజు ఇరవై తొమ్మిదికే డబ్బా పొర్లింది.

పారబోసి మళ్ళీ పెట్టాడు. ఇరవై ఎనిమిది.

తన లెక్క తప్పిందేమో అనుకునే మనిషి కాడతను. తప్పంటూ జరిగితే అది పక్కవాడు చేసిందే అయి ఉంటుందని అతని నమ్మకం. గాజు సీసాలో నీళ్ళు పట్టి బల్లపరుపు రాయి మీద నిలబెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. ముఖం కడుక్కున్నాడు. తిరిగి చూస్తే సీసా అడుగున గోరు మందాన ఎర్రటి మడ్డి పేరుకుని ఉంది.

ఊట తేటగా ఉన్నన్నాళ్ళు ఎంత వచ్చినా భయం లేదు. మట్టిని తెస్తోందంటే, కట్ట కడుపులో ఎక్కడో దారి పడుతోందని.

చెప్పులు విప్పి చేత పట్టుకుని కట్ట పాదం వెంబడి నడిచాడు. తడి ఎక్కడుందో అతనికి కళ్ళకంటే కాళ్ళే ముందు చెబుతాయి. పడవల రేవు దాటాడు. తూము దాటాడు. పక్షుల కోసం తాడు కట్టి, 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టిన చోటూ దాటాడు. కట్ట గుట్టలో కలిసే చివరిదాకా వచ్చేసరికి పాదం చల్లగా దిగబడింది. అక్కడ అరచేయంత మేర ఇసుక ఉడుకుతున్న గంజిలా పైకీ కిందికీ ఆడుతోంది.

తలెత్తి చూడాల్సిన పని లేదు. అయినా చూశాడు. పైన మేడిచెట్టు.

కిందనుంచి చూస్తే గుట్ట మీద మొలిచినట్టే ఉంటుంది. అడుగులు కొలిస్తే తెలుస్తుంది, గుట్ట అంచు నుంచి తొమ్మిదడుగులు ఇవతల, అచ్చంగా కట్ట మీద ఉందని. ఆ తొమ్మిదడుగులూ అతను చాలాసార్లు కొలిచాడు. పదకొండేళ్ళ కిందట భార్య సద్దిమూట తెచ్చి, "ఇంత పొడుగు కట్ట మీద తల దాచుకునేంత నీడ లేదు, ఇదేం కొలువయ్యా నీది?" అని విసుక్కుంటూ, చేతిలో ఉన్న పచ్చి కొమ్మను మట్టిలో గుచ్చింది. మర్నాడు పీకేద్దామనుకున్నాడు. ఆ మర్నాడు రాలేదు.

కొడవలి భుజాన వేసుకుని బావమరిది వచ్చాడు. కట్ట మీద గడ్డి కోయడం, మొలిచిన మొక్కను మొలిచినట్టు పీకడం వాడి పని. రోజు కూలీ. భార్యకు తమ్ముడు.

"ఏంటి బావా, చెప్పులు చేత్తో పట్టుకున్నావ్?"

భార్య పోయిన ఈ నాలుగేళ్ళుగా లస్కరుకు వాడితో పని మాట తప్ప మరో మాట లేదు. వేలితో ఇసుక చూపించాడు. బావమరిది వంగి చూసి, తర్వాత తల పైకెత్తి చెట్టును చూశాడు.

"ఇంజనీరు గారికి చెప్పాలేమో."

"చెప్పక దాచుకుంటానా? పోయి ఫోన్ చెయ్యి. అక్కడే నిలబడితే అదేమైనా ఆగుతుందా?"

ఇంజనీరు పదింటికి జీపు దిగాడు. వయసులో చిన్నవాడు, చేతిరుమాలు పెద్దది. వస్తూనే పడవలు ఆపించాడు. పడవల మేస్త్రి లబలబలాడాడు.

"సెలవుల్లో జనం ఎగబడి వస్తారు సార్! ఇప్పుడు ఆపితే నేనెక్కడికి పోవాలి?"

"కట్ట తెగితే పడవలతో సహా ఊరి మీదికి పోవచ్చు. ఆపుతావా లేదా?"

ఇసుక అలా ఉడికే చోటును ఎవరూ మట్టి కొట్టి మూయకూడదు. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందు ఇసుక, ఇసుక మీద కంకర, కంకర మీద రాళ్ళు పరవాలి. అప్పుడు నీరు బయటికి వస్తుంది, మన్ను లోపలే ఉండిపోతుంది. లస్కరుకు ఇది చేతిలో పని. బావమరిది తట్టలు మోస్తుంటే అతను మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో సర్దాడు. మధ్యాహ్నానికి నీళ్ళు కొంత తేరుకున్నాయి.

ఇంజనీరు కట్ట ఎక్కి చెట్టు చుట్టూ తిరిగాడు. టేపు లాగి గుట్ట అంచు నుంచి కొలిచాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఏమయ్యా లస్కరూ, ఇది కట్ట మీదే ఉంది కదా?"

"ఉంది సార్."

"కట్ట మీద చెట్టు ఉండకూడదని నీకు నేను చెప్పాలా? వేరు పోయిన దారినే నీరు పోతుంది. ఏటా రిజిస్టరులో 'కట్ట మీద చెట్లు లేవు' అని రాసి ఉంది. కింద నీ సంతకం, దాని పక్కన గడ్డి కోసేవాడి సంతకం. ఎవడు నాటాడు దీన్ని? ఎవడు వదిలేశాడు?"

లస్కరు నోరు తెరిచాడు. గొంతు దగ్గరికి మాట వచ్చింది కూడా. అది అక్కడ ఆగి ఏదో సర్దుకుంటున్నట్టు అనిపించింది.

"నేనే సార్," అన్నాడు బావమరిది. తట్ట కింద పెట్టలేదు, అలాగే నెత్తిన పెట్టుకుని అన్నాడు. "నీడకని నేనే నాటాను. గుట్ట మీదిదని బావకు చెప్పాను. ఆయన నమ్మి సంతకం పెట్టాడు."

"తెలివి ఉందా నీకు? కట్ట కింద ఎన్ని కొంపలున్నాయో తెలుసా?"

"తప్పయింది సార్."

ఇంజనీరు లస్కరు వైపు చూశాడు. లస్కరు కింద రాళ్ళ వైపు చూశాడు. ఒక రాయి సరిగా కూర్చోలేదు. దిగి వెళ్ళి దాన్ని సర్దాడు. సర్దడం అయ్యాక కూడా చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ సరికి ఇంజనీరు కాగితం రాయించడం, బావమరిది దాని మీద సంతకం పెట్టడం, వాడిని పనిలోంచి తీసేయడం అయిపోయాయి.

చెరువులో నీళ్ళను ఒక్కసారిగా దించకూడదు. లోపలి ఏటవాలు నాని ఉంటుంది, మీద నీళ్ళ బరువు హఠాత్తుగా తగ్గితే జారిపోతుంది. రోజుకు అడుగు మించకూడదు. లస్కరు పొద్దున నాలుగు చుట్లు, సాయంత్రం రెండు చుట్లు చక్రం తిప్పి, గేటు రాడ్డు మీద సుద్దతో గీత పెట్టాడు. ఒకప్పుడు ఈ నీళ్ళు పొలాలకు వెళ్ళేవి. ఇప్పుడు పొలాలు లేవు. ఇళ్ళు వచ్చాయి. చెరువును పక్షులకూ పడవలకూ వదిలేశారు. వదిలిన నీళ్ళు ఎవరికీ అక్కరలేకుండా వాగులోకి పోయాయి.

రెండో రోజుకు రేవు దగ్గర బురద తేలింది. పడవలు పక్కకు ఒరిగి పడుకున్నాయి. పడవల మేస్త్రి వాటి మధ్య పంచె ఎగగట్టి తిరుగుతూ లస్కరును చూసి ఆగాడు.

"నీ గుండె రాయయ్యా లస్కరూ. మెచ్చుకోవాలి. మోకాలెత్తు మొక్క వదిలాడని అప్పట్లో మీవాడికంటే ముందు గడ్డి కోసిన ముసలాడిని తీసేయించావు. వాడు పరాయివాడు, పోనీ. ఇప్పుడు సొంత బావమరిదికి కూడా ఒక్క మాట అడ్డం వేయలేదు. పని అంటే పనే నీకు."

"నీ పడవలు చూసుకో."

"చూసుకోవడానికి ఏముంది, నాకంటే హాయిగా పడుకున్నాయి."

ఆ మాట వెక్కిరింపైతే బాగుండేది. మేస్త్రి నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ రోజు లస్కరు అన్నం కలిపి, రెండు ముద్దలు తిని, మిగతాది బయట పారబోశాడు.

చెట్టు కింద పిట్టలమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్షులను లెక్కపెట్టే ఉద్యోగం ఆవిడది. అసలు పేరు ఎవరూ పిలవరు, ఆవిడా పట్టించుకోదు. మెడలో దుర్భిణి, ఒళ్ళో పుస్తకం.

"లస్కరు గారూ, నలభై ఒక్క గూళ్ళు. ఇరవై రెండింటిలో పిల్లలున్నాయి. ఇంకో మూడు వారాలు ఆగితే ఎగిరిపోతాయి. ఇంజనీరు గారిని ఎంత బతిమాలినా వినలేదు. మీరొకసారి చెప్పకూడదా? మీ మాట వింటారు."

"నా మాటెందుకు వింటారమ్మా?"

"కట్ట గురించి మీరు అబద్ధం చెప్పరని ఆయనకు నమ్మకం."

లస్కరు పైకి చూశాడు. నీటికాకి పిల్ల ఒకటి మెడ సాచి, తల్లి నోట్లోకి ముక్కంతా దూర్చి తింటోంది. కొమ్మలన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

"వానలు పది రోజుల్లో ఉన్నాయి," అన్నాడు. "ఈలోగా వేరు తీసి గొయ్యి పూడ్చకపోతే కట్ట ఆగదమ్మా. చెట్టు కొట్టాల్సిందే."

"అయితే అసలు పెరగనివ్వడం ఎందుకండీ? ఇన్నేళ్ళు ఉండనిచ్చి, గూళ్ళు కట్టుకున్నాక కొట్టడం... ఆ నాటినతను ఏమనుకుని నాటాడో."

లస్కరు అక్కడినుంచి వెళ్ళిపోయాడు. దూరంగా పోయి, కట్ట మీద మొలిచిన చిన్న తుమ్మ మొక్కను వేళ్ళతో సహా పీకాడు. ఇంకోటి పీకాడు. చేతికి ముళ్ళు గుచ్చుకున్నాయి. బావమరిది పనిలోకి రావడం లేదు కాబట్టి అవి పీకేవాళ్ళు లేక మిగిలాయి.

మూడో రోజు పొద్దున సీసాలో మడ్డి లేదు. డబ్బా ముప్పయ్యేడుకు నిండింది. లస్కరు ఆ అంకె రిజిస్టరులో రాశాడు. రిజిస్టరు మూయలేదు. వెనక పేజీలు తిప్పాడు. పదకొండు చోట్ల 'కట్ట మీద చెట్లు లేవు' అని తన చేతిరాతే. అక్షరాలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, బడిలో కాపీ రాసినట్టు. దాన్ని చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

ఇంజనీరు గదిలో ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా వాటి మీద కట్ట మట్టి నమూనాలున్న సీసాలు పెట్టి ఉన్నాయి. లస్కరు నిలబడే చెప్పాడు. నాటింది తన భార్య. పీకకుండా వదిలింది తాను. బావమరిది చేసింది ఏమీ లేదు. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఈ కాస్త మాటకా మూడు రోజులు, అనిపించింది.

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీకు రిటైర్మెంటు ఎన్నాళ్ళుంది?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు! వాడు రోజు కూలీ. ఇక్కడ కాకపోతే ఇంకోచోట గడ్డి కోసుకుంటాడు. పైకి కాగితం పోయింది, అక్కడ అందరూ సరే అన్నారు. ఇప్పుడెందుకయ్యా ఇది నెత్తికెత్తుకుంటావు?"

"వాడు నాటలేదు సార్."

"ఆ రోజు నా ఎదురుగానే ఉన్నావు కదా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

లస్కరు రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు దాన్ని తెరవలేదు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"సరే. నువ్వు పదకొండేళ్ళు తప్పుడు రాత రాశావు. వాడు నీ పక్కన పదకొండు సంతకాలు పెట్టాడు, పైగా నాకు అబద్ధపు కాగితం ఇచ్చాడు. ఒకడి మీద రాయాల్సింది ఇద్దరి మీద రాయాలి. వాడిని మళ్ళీ తీసుకోవడానికి లేదు. నువ్వూ నెలాఖరుకు కొలువు వదిలి క్వార్టరు ఖాళీ చెయ్యి. సంతోషమేనా?"

"వాడిని..."

"నువ్వు ఆ రోజే నోరు విప్పి ఉంటే వాడు కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదు. ఇక నేను చేసేదేం లేదు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "రేపు చెట్టు కొడతారు. గొయ్యి దిమ్మిస కొట్టి పూడ్చడం తెలిసినవాళ్ళు మీ ఇద్దరే. ఈ వారం చేసి పొండి."

చెట్టు పడినప్పుడు లస్కరు తూము దగ్గరే ఉన్నాడు. చప్పుడు వినిపించింది. తర్వాత నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచి, ఎక్కడ వాలాలో తెలియక చెరువు మీద గుండ్రంగా తిరిగాయి. పిట్టలమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పడిన కొమ్మల్లో దూరి పిల్లలను ఏరి బుట్టల్లో పెట్టింది. సగం బతికాయని ఎవరో అన్నారు. ఆవిడ అటు తర్వాత లస్కరును పలకరించలేదు.

మొద్దు తీయడానికి రెండు రోజులు పట్టింది. ప్రధాన వేరు తొడంత లావు. కట్టకు అడ్డంగా దాదాపు ఆవలికి పోయి ఉంది. దాని కింద చెయ్యి పట్టేంత ఖాళీ, లోపల తడి నున్నగా మెరుస్తోంది. ఇంకొక్క వానాకాలం చాలేది.

బావమరిది పొద్దున్నే వచ్చాడు. పలకరింపు లేదు. గొయ్యిని మెట్లు మెట్లుగా తవ్వి, బంకమట్టి జానెడు మందాన పోసి, చేత్తో చిలకరించినట్టు నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. ఆ పొర బిగిశాక దాని మీద ఇంకో పొర. దిమ్మిస బరువైన ఇనుప దిమ్మ. అటొక పిడి, ఇటొక పిడి. ఇద్దరూ కలిసి ఎత్తి, కలిసి వదలాలి. వాళ్ళు ఎత్తారు, వదిలారు. ఎదురెదురుగా, ముఖాలు చూసుకోకుండా, మధ్యాహ్నం దాకా.

నాలుగో పొర మీద లస్కరు ఆపాడు.

"నిన్నెవడు చెప్పమన్నాడురా?"

"ఏది?"

"నువ్వు నాటావని."

"అక్క చెట్టు కదా బావా."

"దానికి నువ్వు బలవ్వాలా? నీకు పిల్లలు లేరా?"

"మా ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఇటుకల బట్టీ ఉంది. పోతాం. ఎప్పటినుంచో పోదామంటోంది." బావమరిది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "రోజూ నీ ముఖం చూస్తూ గడ్డి కోయడం నావల్ల కాదులే బావా. నాలుగేళ్ళు ఆ ముఖం చూశాను. చాలు."

లస్కరు ఆ మాట వాడి నోట వింటాననుకోలేదు. ఇవాళ వాడిని క్షమించేద్దామని వచ్చాడు. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడే అనుకున్నాడు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని నాలుగు పొరలు కొట్టేదాకా వెతుక్కున్నాడు.

"మీ అక్క పోయిన రోజు నువ్వు వ్యాను ముందే తెచ్చి ఉంటే," అన్నాడు చివరికి, "నేను నిన్ను ఎందుకు..."

"తెచ్చాను."

"ఏంటి?"

"అరగంటలో తెచ్చాను బావా." బావమరిది దిమ్మిస పిడి మీద రెండు చేతులూ పెట్టి, వాటి వైపే చూస్తూ చెప్పాడు. "వరద రోజు కదా, నువ్వు గేటు దగ్గర ఉన్నావు. అక్క గుండె పట్టుకుని నడుచుకుంటూ వచ్చి ఎక్కింది. ఆసుపత్రికి పోనిమ్మంటే కట్ట కింద ఆపించింది. ఆయన వచ్చాకే పోదామంది. నిన్ను పిలుస్తానన్నాను. ఒట్టేయించుకుంది. గేటు సగంలో వదిలి వస్తే కట్టకు ఏమైనా అయితే ఆయన బతకడంది. నువ్వు చక్రం తిప్పడం వ్యాన్లోంచి కనిపిస్తూనే ఉంది. రెండున్నర గంటలు. నువ్వు దిగి వచ్చేసరికి తనకు మాట పడిపోయింది."

"ఇంతసేపేంట్రా అని అడిగాను నిన్ను."

"అడిగావు. ఆలస్యమైంది బావా అన్నాను."

చెరువు మీదినుంచి గాలి వచ్చింది. పోసిన మట్టి అంచుల్లో రంగు మారడం మొదలైంది.

"పిలవాల్సింది," అన్నాడు లస్కరు. మళ్ళీ అన్నాడు. "ఒట్టూ గిట్టూ ఏంట్రా, పిలవాల్సింది కదా నన్ను!"

బావమరిది అప్పుడు తలెత్తి చూశాడు.

"పిలిస్తే వచ్చేవాడివా బావా?"

వాడు ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. లస్కరు జవాబు కోసం వెతికాడు. ఆ రోజు గేటు ఎన్ని చుట్లు తిప్పిందీ, నీళ్ళు ఏ గీత దాకా వచ్చిందీ, ఎన్ని గంటలకు తగ్గుముఖం పట్టిందీ అన్నీ గుర్తున్నాయి. ఈ ఒక్కదానికి జవాబు దొరకలేదు.

"మట్టి ఆరిపోతోంది, పట్టు," అన్నాడు బావమరిది.

పట్టారు. అయిదో పొర, ఆరో పొర. ఏడోది పోసేసరికి పొద్దు వాలింది. బావమరిది తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సామాను కట్టుకోవాలి బావా. తెల్లవారి అయిదున్నరకు బస్సు."

"ఇంటికి రా. అన్నం తిని పోదువు గానీ." నాలుగేళ్ళలో అతను వాడిని ఇంటికి పిలవడం అదే మొదటిసారి.

"ఇంట్లో వాళ్ళు ఎదురు చూస్తుంటారు," అన్నాడు బావమరిది. పార కడిగి బోర్లించాడు. కట్ట వాలు మీద ఏటవాలుగా, పాదం జారకుండా, పనివాడు దిగినట్టే దిగి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరగలేదు.

ఏడో పొర కొట్టకుండా వదలకూడదు. రాత్రికి చినుకు పడితే మెత్తబడిపోతుంది. లస్కరు కాసిని నీళ్ళు చల్లి, దిమ్మిస ఒక పిడి పట్టుకుని ఎత్తాడు. అవతలి పిడి నేలకు వాలింది. దిమ్మ ఒక పక్కకు పడి మట్టిలో వంకరగా దిగింది. దాన్ని లాగి, చదును చేసి, చుట్టూ తిరిగి అవతలివైపు వెళ్ళాడు. ఆ పిడి పట్టుకుని ఎత్తాడు. ఈసారి ఇటు వంకర పడింది. మళ్ళీ ఇవతలికి వచ్చాడు. అలా ఒకసారి తన వైపు, ఒకసారి బావమరిది నిలబడిన వైపు, మట్టి కనిపించినంతసేపూ కొట్టాడు.